ఓడిన చోటుకు ‘సహాయం’ అని పేరు: ఎబెనెజరు గురించి ఏం తెలుసు?

తెలుగువాళ్ళకు ఎబెనెజరు ఒక చోటుగా తెలియదు. ప్రార్థనా మందిరం బోర్డు మీద, కొత్తగా కట్టిన ఇంటి గేటు పక్కన, స్కూలు హాజరు పట్టీలో ఒక అబ్బాయి పేరుగా తెలుసు. హీబ్రూ బైబిల్లో మాత్రం అది ఒక చోటు. అదీ చిన్నది. మొత్తం గ్రంథంలో మూడంటే మూడుసార్లు కనిపిస్తుంది, మూడూ మొదటి సమూయేలులోనే: 4:1, 5:1, 7:12. మొదటి రెండుసార్లు ఇశ్రాయేలీయులు చిత్తుగా ఓడిన చోటు అది. మూడోసారి గెలిచిన చోటు. ఆ పేరు పెట్టినట్టు కథ చెప్పేది మూడోసారి.

పెట్టకముందే ఆ పేరు ఎలా ఉంది? ఇంతకీ ఆ చోటు ఎక్కడ? ‘సహాయపు రాయి’ అన్న అర్థం సరైనదేనా? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మందిరాల్లో వినే వివరణ మూడో ప్రశ్నతో మొదలై అక్కడే ఆగిపోతుంది. పండితుల చర్చ ఎక్కువగా రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నన్ను అడిగితే అసలు విషయం మొదటి ప్రశ్నలో ఉంది.

ముందు కథ. నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గర, ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. మొదటి పోరులో ఇశ్రాయేలు వైపు దాదాపు 4,000 మంది చనిపోయారు. పెద్దలు కూర్చుని, యెహోవా మనల్ని ఎందుకు ఓడించాడని తర్కించుకున్నారు. సరైన ప్రశ్నే. జవాబు కోసం మాత్రం ఆగలేదు. షిలోహు నుంచి నిబంధన మందసాన్ని తెప్పించారు, అది ఉంటే గెలుస్తామనుకున్నారు. మందసం రాగానే పాళెం భూమి దద్దరిల్లేలా కేక వేసింది. ఆ కేకకు ఫిలిష్తీయులు భయపడ్డారు, భయపడి మరింత గట్టిగా పోరాడారు. ఈసారి 30,000 మంది కాల్బలం కూలింది. మందసం శత్రువుల చేతికి చిక్కింది. యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు హతులయ్యారు. బెన్యామీను గోత్రపు మనిషి ఒకడు చిరిగిన బట్టలతో, తల మీద మట్టితో ఆ రోజే షిలోహుకు పరిగెత్తుకొచ్చాడు. 98 ఏళ్ళ ఏలీ మందసం పోయిందన్న మాట వినగానే పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. ఫీనెహాసు భార్య నెలలు నిండిన మనిషి. బిడ్డను కని, వాడికి ఈకాబోదు అని పేరు పెట్టి కన్నుమూసింది. మహిమ పోయింది అన్న భావం ఆ పేరులో ఉంది.

ఐదో అధ్యాయం మొదటి వాక్యం మందసాన్ని ఎబెనెజరు నుంచి అష్డోదుకు తీసుకుపోయారని చెబుతుంది. తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే: దాగోను విగ్రహం బోర్లా పడటం, గాతులో, ఎక్రోనులో జనం అల్లాడటం, ఏడు నెలల తర్వాత మందసం ఆవుల బండి మీద బేత్షెమెషుకు, అక్కడి నుంచి కిర్యత్యారీముకు చేరడం. ఇరవై ఏళ్ళు గడిచాయి.

ఏడో అధ్యాయంలో సమూయేలు జనాన్ని మిస్పాలో సమకూర్చాడు. వాళ్ళు అన్యదేవతలను వదిలి, ఉపవాసం ఉండి, నీళ్ళు చేది యెహోవా ఎదుట కుమ్మరించారు. ఫిలిష్తీయులు దండెత్తి వచ్చారు. మందసం లేదు, తెప్పిద్దామన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు. సమూయేలు పాలు తాగే గొర్రెపిల్లను బలి ఇచ్చి మొరపెట్టాడు. పెద్ద ఉరుము ఉరిమింది, ఫిలిష్తీయులు చెల్లాచెదురయ్యారు, ఇశ్రాయేలీయులు వాళ్ళను బేత్కారు దిగువ దాకా తరిమారు. అప్పుడు సమూయేలు ఒక రాయి తెచ్చి మిస్పాకూ షేనుకూ మధ్య నిలబెట్టి, ఎబెనెజరు అని పేరు పెట్టాడు.

ఇక చిక్కు. పేరు ఏడో అధ్యాయంలో పుడితే నాలుగో అధ్యాయంలో ఎలా వచ్చింది? తేలికైన జవాబు ఒకటుంది. కథ చెప్పేవాడు తన కాలానికి వాడుకలో ఉన్న పేరును పాత సంఘటనకు ముందుగానే వాడాడు. బైబిల్లో ఇది కొత్త కాదు. ఆదికాండము 12లో అబ్రాము గుడారం వేసింది బేతేలు దగ్గర అంటారు, ఆ పేరు యాకోబు పెట్టేది 28లో. న్యాయాధిపతులు 15లో ఫిలిష్తీయులు లేహీలో దిగారని ముందే వస్తుంది, సమ్సోను దవడ ఎముక పారేసి పేరు పెట్టడం తర్వాత వస్తుంది. కానీ ఈ జవాబు నిలవాలంటే రెండు ఎబెనెజరులూ ఒకే చోట ఉండాలి. భూగోళం ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

ఆఫెకు ఎక్కడో దాదాపు స్థిరపడింది. బైబిల్లో ఆఫెకులు ఒకటికి మించి ఉన్నా, ఇది మైదానంలో యార్కోను నది ఊటల దగ్గర ఉన్న దిబ్బ. అరబ్బీ పేరు రాస్ అల్ ఐన్, ఊటల తల అని. హేరోదు ఇక్కడే పట్టణం కట్టి తండ్రి పేరు మీద అంతిపత్రి అన్నాడు. అపొస్తలుల కార్యములలో పౌలును సైనికులు రాత్రికి రాత్రి తీసుకొచ్చిన అంతిపత్రి ఇదే. ఈ దిబ్బకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఐగుప్తు నుంచి ఉత్తరానికి పోయే పెద్ద దారి ఇక్కడ ఇరుకవుతుంది. పడమర నది, బురద నేల, తూర్పున కొండలు. మధ్య సన్నని సందు. దాన్ని పట్టుకున్నవాడిదే దారి. ఫిలిష్తీయులు ఇక్కడ దిగారంటే కొండల మీదికి ఎక్కడానికి సిద్ధమయ్యారని అర్థం. గిల్బోవ యుద్ధానికి ముందు కూడా వాళ్ళు ఆఫెకులోనే కూడినట్టు 1 సమూయేలు 29:1 చెబుతుంది.

మిస్పా విషయంలో ఎక్కువమంది ఒప్పుకునేది యెరూషలేముకు ఉత్తరాన దాదాపు 12 కి.మీ. దూరంలోని తెల్ ఎన్-నస్బేను. 1926 నుంచి 1935 వరకు విలియం బాడే దాన్ని తవ్వాడు. నెబీ సమ్విల్ అనే వాళ్ళూ ఉన్నారు. ఏదైనా ఆఫెకుకూ మిస్పాకూ మధ్య 30 కి.మీ.కు పైగా కొండదారి ఉంది. షేను అన్నది మరో తలనొప్పి. హీబ్రూలో షేను అంటే పన్ను, పంటిలా పొడుచుకొచ్చిన కొండకొమ్ము కావచ్చు. గ్రీకు అనువాదం సెప్టువజింతు ఇక్కడ ‘పాతది’ అని అర్థమిచ్చే మాట రాసింది, అంటే దాని ముందున్న హీబ్రూ ప్రతిలో యెషానా అని ఉండి ఉండాలి. యెషానా 2 దినవృత్తాంతములు 13:19లో బేతేలు పక్కన వచ్చే పట్టణం, మిస్పాకు ఉత్తరాన కొండల్లోనిది. ఈ పాఠమే నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది. అలా చూసినా రాయి కొండల నడుమే నిలబడుతుంది, ఆఫెకు ఎదురుగా కాదు.

అందుకే చాలామంది రెండు చోట్లు అన్నారు. ఆఫెకు ఎదుట ఒక ఎబెనెజరు, మిస్పా దగ్గర ఇంకొకటి. రెండోదానికి సమూయేలు కావాలనే మొదటిదాని పేరు పెట్టాడని కొందరు, ఇద్దరు వేర్వేరు రచయితల సంప్రదాయాలు ఒక గ్రంథంలో కలిశాయని మరికొందరు.

ఆఫెకు ఎదుటి ఎబెనెజరును వెతికే పని 1976లో ఒక మలుపు తిరిగింది. ఆఫెకుకు తూర్పున సుమారు 3 కి.మీ. దూరంలో, కొండలు మొదలయ్యే అంచున, ఇజ్బెత్ సర్తా అనే చిన్న గుట్ట ఉంది. ఇప్పటి రోష్ హాయిన్ పట్టణానికి, కఫ్ర్ కాసిం ఊరికి దగ్గర. మోషే కొఖావీ, ఇశ్రాయేల్ ఫింకెల్‌స్టైన్ అక్కడ 1976 నుంచి 1978 వరకు తవ్వారు. ఇనుప యుగం తొలి రోజుల పల్లె బయటపడింది. ఒక దశలో నడుమ పెద్ద ఇల్లు, చుట్టూ ధాన్యం పోసుకునే పాతర్లు. గుట్ట మీద నుంచి చూస్తే ఆఫెకు కళ్ళెదుటే ఉంటుంది. ఆ పల్లె క్రీ.పూ. 11వ శతాబ్దంలో కొన్నాళ్ళు ఖాళీ అయింది. కొఖావీ ఇదే ఎబెనెజరు కావచ్చన్నాడు.

ఒక పాతరలో రెండు ముక్కలైన కుండపెంకు దొరికింది. దాని మీద అయిదు వరుసల్లో 80కి పైగా అక్షరాలు గీసి ఉన్నాయి. చివరి వరుస అక్షరమాల, అదీ ఎడమ నుంచి కుడికి. తర్వాతి కాలపు హీబ్రూ రాత దిశ ఇంకా స్థిరపడని రోజులవి. మిగతా నాలుగు వరుసలు రాయడం నేర్చుకుంటున్న చేతి గీతలన్నది ఎక్కువమంది మాట. వాటిలో మందసం యుద్ధ వార్తే చదివేసిన వాళ్ళూ ఉన్నారు. ఆ చదువును తోటి పండితులు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే మంచిది. పలక మీద పిల్లవాడి గీతల్లో యుద్ధకాండ వెతకడం అత్యాశ. అయినా ఆ పెంకు విలువ తక్కువది కాదు. అక్షరం రాజుల దగ్గరే కాక సరిహద్దు పల్లె దాకా చేరిందని అది చెబుతోంది.

ఇజ్బెత్ సర్తాయే ఎబెనెజరు అనడానికి ఆధారం అంటే చోటు, కాలం సరిపోవడం. అంతకు మించి లేదు. ఆ పేరున్న శాసనం ఏదీ దొరకలేదు. అక్కడ ఉన్నవాళ్ళు ఇశ్రాయేలీయులే అని కుండలను బట్టి, ఇళ్ళ నిర్మాణాన్ని బట్టి తేల్చడం ఇప్పుడు అంత తేలిక కాదు. ఆ కొండల పాదంలోనే ఉన్న మజ్దల్ యాబాను సూచించిన వాళ్ళూ ఉన్నారు. సమూయేలు నిలబెట్టిన రాయి సంగతి ఇంకా కష్టం. దాని మీద ఏమైనా చెక్కినట్టు కథ చెప్పదు. ఇవాళ ఎదురుపడినా దాన్ని గుర్తుపట్టే మార్గం లేదు.

మూడో అభ్యర్థి మరో దిక్కున ఉంది. క్రీ.శ. 4వ శతాబ్దపు కైసరయ బిషప్పు యూసెబియస్ బైబిల్ స్థలాల పట్టికలో, ఎబెనెజరు యెరూషలేముకూ అష్కెలోనుకూ మధ్య, బేత్షెమెషు దగ్గర అని రాశాడు. అక్కడికి తూర్పున దేర్ అబాన్ అనే అరబ్బు పల్లె ఉండేది, 1948 యుద్ధంలో ఖాళీ అయింది. 19వ శతాబ్దపు అన్వేషకులు ‘అబాన్’లో ‘ఎబెన్’ విన్నారు. శబ్దం దగ్గరగా ఉంది కదా అని చోటును తేల్చడం ఆ కాలపు అలవాటు, దానితో కొన్ని ఊళ్ళు సరిగ్గానే దొరికాయి, చాలా తప్పిపోయాయి. ఆఫెకుకు అంత దూరంలో, మిస్పాకు ఇంకో పక్కన ఉన్న ఈ చోటు ఏ అధ్యాయానికీ అతకదు.

యూసెబియస్ ఎందుకు పొరబడ్డాడో మాత్రం ఊహించవచ్చు. మందసం తిరిగొచ్చినప్పుడు బేత్షెమెషు పొలంలో దాన్ని ఒక పెద్ద రాయి మీద దించారు. 6:18లో హీబ్రూ ప్రతి ఆ రాయిని ‘ఆబేలు’ అంటుంది, గ్రీకు ‘రాయి’ అంటుంది. ‘ఎబెన్’ ఒక్క అక్షరం తేడాతో ‘ఆబేలు’ అయిందన్నది పండితుల అంచనా. అంటే మందసం కథలో అక్కడా ఒక పేరున్న రాయి ఉంది. రెండు రాళ్ళు జనం నోట కలిసిపోయి ఉంటాయి. బేత్షెమెషు తవ్వకాల్లో ష్లోమో బునిమోవిట్జ్, జ్వీ లెడర్‌మన్ బృందానికి క్రీ.పూ. 12వ శతాబ్దపు గుడిలాంటి కట్టడంలో చిన్న రాళ్ళ మీద బల్లలా నిలిపిన పెద్ద బండ దొరికింది. ఆ సంగతి 2019లో పత్రికల్లోకి రాగానే మందసం రాయి దొరికిందన్న హడావుడి మొదలైంది. అది మందసం రాయి అని రుజువు కాలేదు. ఆ ప్రాంతంలో రాయికి పూజ్యత ఉండేదనడానికి మాత్రం మంచి సాక్ష్యం.

ఇప్పుడు అర్థం. ‘ఎబెన్’ రాయి, ‘ఏజెర్’ సహాయం. అంతవరకు అందరిదీ ఒకే మాట. సెప్టువజింతు పేరును అలాగే ఉంచి, 7:12లో ‘సహాయకుని రాయి’ అని పక్కన అర్థం చేర్చింది. జెరోము లాటిన్ అనువాదం మూడు చోట్లా పేరు తీసేసి అర్థమే రాసింది. కాబట్టి లాటిన్ చదువరికి నాలుగో అధ్యాయంలోనే సైన్యం ‘సహాయపు రాయి’ దగ్గర దిగి ఓడిపోతుంది. ఆ వెక్కిరింత మనకు వినపడదు, మన బైబిల్లో అది ఉత్త పేరు. హీబ్రూ 4:1లో వ్యాకరణమూ కొంచెం విచిత్రం. రెండు పదాలకూ ముందు ‘ఆ’ అనే నిర్దేశకం ఉంది, ‘ఆ రాయి, ఆ సహాయం’ అన్నట్టు. మామూలు స్థలనామం అలా ఉండదు.

‘ఏజెర్’ మీద ఒక పాత పేచీ ఉంది. సిరియా తీరాన రాస్ షమ్రాలో 1929 నుంచి బయటపడిన ఉగరిత్ పలకల్లో ‘గ్జ్ర్’ అనే మాట వీరుడికి, యువ యోధుడికి వాడారు. హీబ్రూలో ఆ ‘గ్’ శబ్దం ‘అయిన్’ అక్షరంలో కలిసిపోయింది కాబట్టి, సహాయం అన్న ధాతువూ బలం అన్న ధాతువూ ఒకే రూపానికి వచ్చాయని పాట్రిక్ మిల్లర్ 1970లో వాదించాడు. ద్వితీయోపదేశకాండము 33:29లో డాలు పక్కన, 1 దినవృత్తాంతములు 12:1లో యోధుల పక్కన ఈ మాట వచ్చినప్పుడు సహాయం కంటే బలమే బాగా అతుకుతుంది. అదే నిజమైతే ఎబెనెజరు మొదట వీరుడి రాయి కావచ్చు, మన రాయలసీమ పొలాల్లో నిలబడే వీరగల్లులాగా. అలాంటి రాయి ఆఫెకు ఎదుట ముందే ఉండి ఉంటే, పేరు పెట్టకముందే పేరు ఉండటం చిక్కే కాదు.

ఈ వాదానికి ఎవరూ పెద్దగా తలచుకోని పాత తోడు ఒకటుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు యోసేపస్ తన ‘యూదుల పురాతన చరిత్ర’లో ఇదే కథ చెబుతూ, సమూయేలు ఆ రాయికి ‘బలమైనది’ అని పేరు పెట్టాడంటాడు. సహాయం అనడు. అంతేకాదు, ఆ రాయి గెలుపుకూ శత్రువుల పలాయనానికీ హద్దుగా నిలిచిందంటాడు. యోసేపస్ ఉగరిత్ పలకలు చదవలేదు. అతనికి తెలిసిన సంప్రదాయం బలం వైపు మొగ్గింది, అంతే.

హద్దు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. సమూయేలు చెప్పిన కారణంలో ‘అద్ హెన్నా’ అనే రెండు మాటలున్నాయి. మన బైబిల్లో ‘ఇంతవరకు’ అని చదువుకుంటాం, కాలంగా అర్థం చేసుకుంటాం: ఇన్నాళ్ళూ దేవుడు ఆదుకున్నాడని. హీబ్రూలో అది కాలమూ కావచ్చు, చోటూ కావచ్చు. శత్రువును తరుముతూ వచ్చి, నడిచిన నేల మీదే నిలబడి రాయి పాతుతూ ‘ఇక్కడి వరకు’ అనడం సహజమైన మాట. అలా చదివితే అది హద్దురాయి. ఇక్కడ దాకా మనది, దేవుడు ఇచ్చింది. వెంటనే 7:13, 14లో ఫిలిష్తీయులు మళ్ళీ ఇశ్రాయేలు సరిహద్దులోకి రాలేదని, పోయిన ఊళ్ళు తిరిగొచ్చాయని ఉంది. సరిహద్దు, ఊళ్ళు. పక్క వాక్యాల లెక్కంతా నేల గురించే. ‘అద్’ను ‘ఎద్’ వైపు కాస్త సవరించి ‘ఇది సాక్షి’ అని చదివినవాళ్ళూ ఉన్నారు, యెహోషువ 24:27లో షెకెములో నిలిపిన రాయిలాగా. ఆ సవరణ అవసరం లేదనుకుంటాను. ఉన్న మాటలోనే కావలసినంత పట్టు ఉంది.

మళ్ళీ మొదటి ప్రశ్నకు. లియోన్‌హార్డ్ రోస్ట్ 1926లో, మందసం కథ (1 సమూయేలు 4 నుంచి 6, ఆపైన 2 సమూయేలు 6) ఒకప్పుడు విడి గ్రంథమని చూపాడు. మార్టిన్ నోత్ 1943లో, ఏడో అధ్యాయం ద్వితీయోపదేశకాండం ధోరణిలో రాసిన తర్వాతి కాలపు రచయిత చేతి పని అన్నాడు. వివరాల్లో ఇప్పటికీ వాదాలున్నా, రెండు అధ్యాయాల శైలి వేరన్నది చదివినవాడికి తెలుస్తూనే ఉంటుంది. ఏడో అధ్యాయం రాసినవాడి ముందు నాలుగో అధ్యాయం ఉంది, అతను దాన్ని వరుసగా తిరగేశాడు. అక్కడ ఇశ్రాయేలు ఫిలిష్తీయుల ముందు దెబ్బతింది, ఇక్కడ అదే క్రియ వాడి ఫిలిష్తీయులు ఇశ్రాయేలు ముందు దెబ్బతిన్నారు అన్నాడు. అక్కడ పెద్ద కేక జనం వేసింది, ఇక్కడ పెద్ద శబ్దం యెహోవాది. అక్కడ మందసం ఉంది, ప్రార్థన లేదు. ఇక్కడ ప్రార్థన ఉంది, మందసం లేదు. ఇంత పని చేసినవాడు పేరును పొరపాటున రెండుసార్లు వాడాడంటే నమ్మలేం. చోట్లు రెండైనా ఒకటైనా, పాత ఓటమి పేరును కొత్త గెలుపు రాయికి తగిలించడం అతని ఉద్దేశమే. రెండు చోట్లు అన్న భూగోళ వాదం, ఒకే పేరు అన్న కథా వాదం ఒకదానికొకటి అడ్డం కాదన్నది ఈ చర్చలో నా పక్షం. పురావస్తు శాస్త్రజ్ఞులు 4:1కి ఇజ్బెత్ సర్తాను తాత్కాలికంగా పెట్టుకోవచ్చు. 7:12కు మిస్పా ఉత్తరపు కొండలు చాలు, అంతకంటే కచ్చితంగా చెప్పడం అనవసరం.

నాలుగో అధ్యాయం యుద్ధం నిజంగా జరిగిందా అని అడిగేవాళ్ళకు ఒక మాట. షిలోహు తవ్వకాల్లో క్రీ.పూ. 11వ శతాబ్దంలో కాలిపోయిన ఆనవాళ్ళు ఉన్నాయి. యిర్మీయా 7:12 ఆ నాశనాన్ని అందరికీ తెలిసిన సంగతిగా గుర్తు చేస్తుంది. సమూయేలు గ్రంథం మాత్రం షిలోహు కాలిందని ఎక్కడా చెప్పదు. ఆఫెకు నుంచి షిలోహుకు గీత గీసినట్టు చూస్తే 35 కి.మీ. లోపే. ఓడిన సైన్యాన్ని తరుముతూ గెలిచినవాళ్ళు కొండెక్కి ఉంటారన్నది చాలామంది అనుమానం. 30,000 అన్న లెక్కను ఉన్నదున్నట్టు తీసుకోనక్కర్లేదు. ‘వెయ్యి’ అని చదివే ‘ఎలెఫ్’ దళం అనే అర్థంలోనూ వస్తుంది.

పేరు తర్వాత చాలా దూరం పోయింది. 1758లో రాబర్ట్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ బోధకుడు తన కీర్తనలో దీన్ని వాడాడు. అప్పటి నుంచి ఎబెనెజరు అంటే విశ్వాసి తన బతుకులో వెనక్కి తిరిగి చూసే గుర్తు అయింది. 1843లో డికెన్స్ తన క్రిస్మస్ కథలో పిసినారి స్క్రూజ్‌కు ఇదే మొదటి పేరు ఇచ్చాడు. ఎవరికీ సాయం చేయని మనిషికి ఆ పేరు కావాలనే ఎంచాడని అనుకోవచ్చు. తెలుగునాట బేతేలు, హెబ్రోను, ఏలీము, షాలేముల వరసలో ఇది ఇంటి పేరు, మందిరం పేరు అయింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ‘ఇంతవరకు’ వాక్యం మీద ప్రసంగం దాదాపు ఆనవాయితీ. ఆ ప్రసంగాలు ఏడో అధ్యాయం నుంచే మొదలవుతాయి. నాలుగో అధ్యాయం జోలికి పోయే బోధకుడు అరుదు. ఆ అధ్యాయంలో ఒకే యుద్ధం కథలో రెండు పేర్లు వస్తాయి, ఎబెనెజరు, ఈకాబోదు. మొదటిది పెట్టుకున్నవాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు. రెండోది బిడ్డకు పెట్టిన ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు.